తీరిక లేనివాళ్ళ తెలుగు

పోయిన పొంగల్ సెలవులకు రాజపాళయం వెళ్ళినప్పుడు మా అబ్బాయి అటకమీది పెట్టెలోంచి ఒక పాత నోటుపుస్తకం తీసి, నాలుగు పేజీలు తిప్పి, ఫక్కున నవ్వాడు. "తాత తాగుడు గురించి రాశాడు నాన్నా! తాగుడు పక్కన పాపాత్ముడట!" అన్నాడు. మా నాయన జన్మలో కల్లుముంత ముట్టిన మనిషి కాడు. పుస్తకం అందుకుని చూశాను. తమిళ అక్షరాలలో మూడే మాటలున్నాయి. తమిళంగా చదివితే మావాడు చెప్పింది నిజమే. "కుడి" అంటే తాగుడు, "పావి" అంటే పాపి. కాని నాయన రాసింది తమిళం కాదు, తమిళ అక్షరాలలో తెలుగు. వాడు "పావి" అని చదివింది మన బావి. తమిళ లిపిలో పకూ బకూ ఒకటే అక్షరం కదా.

ఇక మిగిలింది "కుడి". అది కుడి పక్క బావా, గుడి పక్క బావా? కకూ గకూ కూడా తమిళంలో ఒకటే అక్షరం. మా వాడికే కాదు, నాకూ తెలియలేదు.

మా ఊరిని గురించి ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. విజయనగర కాలంలోనూ ఆ తరువాతా దక్షిణానికి వచ్చిన తెలుగు కుటుంబాలు పడమటి కనుమల కింద కట్టుకున్న ఊరు. బయటివాళ్ళకు రాజపాళయం అంటే వేటకుక్క. 2005లో దానికి తపాలా బిళ్ళ కూడా వచ్చింది. మాకు మాత్రం రాజపాళయం అంటే నూలుమిల్లు. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఆ తరువాత ఊరి గడియారం మిల్లు సంగే. సంగు ఊదితే ఒక షిఫ్టు లోపలికి, ఒక షిఫ్టు బయటికి. మా నాయన ఆ షిఫ్టులలోనే జుట్టు నెరిసినవాడు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చి, నిద్రకు ముందు ఓ అరగంట మా అవ్వ పక్కన కూర్చునేవాడు. ఆమె చెప్పిన మాటలు, సామెతలు, ఊళ్ళో ఏది ఎక్కడుండేదన్న గుర్తులు రాసుకునేవాడు. బడిలో నేర్చింది తమిళ అక్షరాలే గనుక వాటితోనే రాసుకున్నాడు. అలా మూడు నోటుపుస్తకాలు నిండాయి.

2010లో నాయన పోయాక అవి నాకు వచ్చాయి. నేను చెన్నైలో ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. ఆ పుస్తకాలు చూసినరోజే ఒక ఆలోచన తట్టింది. తమిళ లిపిలో ఉన్న తెలుగును తెలుగు లిపిలోకి మార్చే చిన్న ప్రోగ్రాము రాస్తే? మహా అయితే రెండు నెలల పని అనుకున్నాను. కంప్యూటరులో ఒక సంచీ తెరిచి దానికి "రేపు" అని పేరు పెట్టాను. ఆ పేరే శాపమైంది. పగలు ఇతరుల ప్రోగ్రాములు. అమెరికాలో తెల్లవారేది మనకు రాత్రి గనుక రాత్రి వాళ్ళతో మాటలు. ఆదివారం కూరగాయలు, నీళ్ళ లారీ, పెళ్ళిళ్ళు. నోటుపుస్తకాలు మళ్ళీ ఊరికి చేరి అటకెక్కాయి.

పొంగల్ నాడు మా వాడి నవ్వు విన్నాక సిగ్గువేసింది. తీరిక లేదన్న సాకు నాదొక్కడిదేనా, నాకు ముందు తెలుగు పని చేసినవాళ్ళకు తీరిక ఎక్కడినుంచి వచ్చిందా అని పుస్తకాలూ పాత కాగితాలూ వెతుక్కుంటూ పోయాను. దొరికిన చరిత్రను మీ ముందు పెడుతున్నాను.

మా ఊరినుంచి మదురై బస్సు ఎక్కితే మొదట వచ్చే పెద్ద గోపురం శ్రీవిల్లిపుత్తూరు. ఆ ఊరి గోదాదేవి కథను తెలుగులో కావ్యం చేసిన శ్రీకృష్ణదేవరాయలు ఎక్కడ ఎప్పుడు దానికి పూనుకున్నాడో గుర్తుచేసుకోండి. కళింగ దండయాత్రకు వెళుతూ దారిలో కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆగినప్పుడు, ఏకాదశినాటి కలలో ఆంధ్రవిష్ణువు ఆనతిచ్చాడని ఆముక్తమాల్యద పీఠికే చెబుతుంది. యుద్ధానికి వెళ్ళే దారిలో కావ్యానికి సంకల్పం! అయితే రాయలవారికి పైన మేనేజరు లేడు. ఆయన పోలిక నాకు చెల్లదు.

నాబోటి కొలువుగాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు. కంపెనీ కొలువు కంపెనీ కొలువే. కచేరీ, తీర్పులు, బదిలీలు. ఆ సందులలోనే తాళపత్రాలు పోగుచేయించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. 1852లో తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వెలువరించాడు. కడప వచ్చిన 32 ఏళ్ళకన్నమాట. అయితే ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. బ్రౌను తనకు లేని తీరికను జీతమిచ్చి కొన్నాడు. పండితులను, లేఖకులను సొంత డబ్బుతో పోషించాడు, అందుకు అప్పులపాలయ్యాడు. ఆ నిఘంటువు వెనుక ఒక మనిషి రాత్రులే కాదు, పదిమంది పగళ్ళూ ఉన్నాయి.

ఇక ప్రోగ్రాములు రాసేవాళ్ళ సంగతికి వస్తాను. మా వృత్తిలో అందరూ చెప్పుకునే కథ డోనాల్డ్ నూత్ గారిది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు. కంప్యూటరు ప్రోగ్రాముల శాస్త్రం మీద సంపుటాలుగా పెద్ద గ్రంథం రాస్తున్నాడు. 1977లో రెండవ సంపుటం కొత్త కూర్పు అచ్చు నమూనాలు చూసి ఆ అక్షరాల వికారానికి మనసు చివుక్కుమని, తన పుస్తకం అందంగా కూర్చుకునే ప్రోగ్రాము తానే రాసుకుందామని కూర్చున్నాడు. ఏడాదిలో ముగుస్తుందనుకున్నాడు, దాదాపు పదేళ్ళు పట్టింది. దాని పేరు టెక్. రెండు నెలలనుకున్న నాకు ఇది చదివాక కాస్త ఊరట. ఆయన దాన్ని అమ్ముకోలేదు, లోగుట్టు దాచుకోలేదు. అందుకే లోకంలోని ఎన్నో లిపులవాళ్ళు తమ అక్షరాలను అందులో పెట్టుకోగలిగారు. ఆ వరసలో తెలుగు అక్షరాలూ చేరాయి.

తెలుగు విషయంలో ప్రభుత్వ సంస్థలు ఏమీ చేయలేదనడం అన్యాయం. పుణెలో 1988లో ఏర్పడిన సీడాక్ భారతీయ లిపులను కంప్యూటరుకు ఎక్కించే పని చేపట్టింది. 1991లో భారతీయ లిపుల సంకేతాలకు ఇస్కీ అనే జాతీయ ప్రమాణం వచ్చింది. అదే ఏడు వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అంటే ప్రతి అక్షరానికీ లోకమంతటికీ ఒకే అంకె. కాని అంకె ఇచ్చినంతమాత్రాన అక్షరం తెరమీద కనపడదు. మామూలు ఇళ్ళలోని కంప్యూటర్లు ఆ అంకెలను తెలుగుగా చూపగలిగింది 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకనే. ఈ పదేళ్ళ ఖాళీని ఎవరు పూడ్చారు? చాలావరకు తీరిక లేనివాళ్ళే.

1990ల మొదట్లో అమెరికాలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఒక పద్ధతి ఏర్పరిచారు. ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాసుకునే పద్ధతి. చిన్న అక్షరం కొడితే త, పెద్ద అక్షరం కొడితే ట. చిన్నది న, పెద్దది ణ. మన రాజపాళయంలో "ళ" రావాలంటే పెద్ద ఎల్ కొట్టాలి. విన్నవాళ్ళకు ఇదేం గొప్ప అనిపించవచ్చు. కాని తెలుగు మీటలున్న యంత్రం కంటితో చూడనివాళ్ళు, విదేశాలలో ఉన్నవాళ్ళు, మనబోటి ప్రవాసులు ఆ ఒక్క సూత్రంతో తెలుగులో ఉత్తరాలు రాసుకున్నారు. విశ్వవిద్యాలయం పేరుతోనే అది ఆర్టీఎస్ అయింది. అందులో మొదటి అక్షరం రైస్. అన్నం పేరుగల బడిలో తెలుగు ఉడికిందని మా మిత్రుడొకడు చమత్కరిస్తాడు.

అక్షరాల రూపం సంగతి చూస్తే, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన 2000, వేమన 2000 అనే ఫాంట్లు తయారుచేసి అడిగినవారికీ అడగనివారికీ ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు తెలుగు వికీపీడియాకు తొలి రాయి వేశారు. ఇప్పుడు అందులో వ్యాసాలు లక్ష దాటాయి. ఆయనే పద్మ అనే ప్రోగ్రాము రాశారు. పాత ఫాంట్లలో ఇరుక్కుపోయిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చడం దాని పని. ఆర్టీఎస్ పద్ధతిలో రాసినదాన్ని తెలుగుగా మార్చడం కూడా దానికి తెలుసు. 2006లో హైదరాబాదులో వీవెన్ గారు ఆ పద్మను ఆధారం చేసుకుని లేఖిని తయారుచేశారు. పైపెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కిందిపెట్టెలో తెలుగు. నేర్చుకోవలసింది దాదాపు ఏమీ లేదు. అంతకుముందు తెలుగులో నాలుగు వాక్యాలు టైపు చేయనివాళ్ళు లేఖినితో కథలు రాశారు.

ఈ వరస చూడండి. రైస్‌లో ఇద్దరు పెట్టిన అక్షరక్రమాన్ని పద్మ అందుకుంది. పద్మను లేఖిని అందుకుంది. హ్యూస్టన్‌లో మొదలైన పని హైదరాబాదు చేరడానికి పదేళ్ళకు పైన పట్టింది. ఒక్కరే కూర్చుని మొత్తం చేసి ఉంటే ఎవరి జీవితమూ చాలేది కాదు. తలా కొంత చేశారు. చేసినదాన్ని ఇంకొకరు చదివి అందుకోగలిగేలా వదిలారు. నాకు కనిపించిన రహస్యం ఇదే. ఎక్కువ తీరిక ఉన్నవాడి పని నిలిచిందని నేను చెప్పలేను. ఇంకొకరి చేతికి అందేలా ఉన్న పని మాత్రం నిలిచింది.

అందకుండా చేసిన పని ఏమవుతుందో నా అనుభవంలో ఉంది. ఆ సంగతి చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసానికి న్యాయం జరగదు.

2001 దీపావళికి ఊరు వెళ్ళినప్పుడు మా అవ్వ ఇంకా ఉంది. నాలుగు రోజులు ఆమె పక్కనే కూర్చుని, మిత్రుడొకడు ఇచ్చిన తెలుగు ఫాంటు వేసుకుని, ఆమె నోట విన్న మాటలు సుమారు మూడువందలు టైపు చేశాను. ఆ రోజుల్లో అలాంటి ఫాంట్ల మాయ ఏమిటంటే, కంప్యూటరు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలే. వాటికి తెలుగు ముసుగు వేసి తెరమీద చూపేవారు. ముసుగు ఉన్నంతసేపు తెలుగు. ఫ్లాపీలో భద్రంగా దాచాను. 2004లో అవ్వ పోయింది. కొన్నాళ్ళకు కంప్యూటరు మార్చాను. ఫ్లాపీ తెరిచి చూస్తే పేజీలనిండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములు, చుక్కలు. ఫాంటు ఇచ్చిన మిత్రుడి దగ్గరా అది లేదు. పద్మ వచ్చాక ఎంతో ఆశతో ప్రయత్నించాను. అది ఎన్నో పాత ఫాంట్లను విప్పుతుంది గాని నాది ఆ జాబితాలో లేదు. నేను ఆ మాటలు టైపు చేసిన దీపావళికి మూడు వారాల ముందే తెలుగును తెలుగుగా చూపే విండోస్ బయటికి వచ్చిందని తరువాత తెలిసింది. తప్పు ఎవరిదీ కాదు. నేను వాడిన అచ్చు నాకు తప్ప లోకానికి తెలియదు. చివరికి నాకూ తెలియకుండా పోయింది.

అదే అవ్వ మాటలను నాయన అంతకు ముప్పై ఏళ్ళ ముందు బాల్‌పెన్నుతో, తనకు వచ్చిన అక్షరాలతో రాశాడు. క, గ తేడా లేకపోయినా, మనవడు చదివి తప్పుగానైనా నవ్వగలిగాడు. కంప్యూటరు చదువు చదివిన నేను రాసినది ఎవరూ తప్పుగానైనా చదవలేరు.

పొంగల్ నుంచి వచ్చాక "రేపు" సంచీ పేరు మార్చాను. మూడు పుస్తకాలూ మార్చే ప్రోగ్రాము అన్న సంకల్పం మానేసి, ఒక పేజీ మార్చే ప్రోగ్రాము చాలుననుకున్నాను. ఆదివారం ఉదయం, ఇల్లు లేవకముందు ఒక గంట. అంతకంటే దొరకదని ఒప్పుకున్నాక ఆ గంట దొరికింది.

పని ఎలా సాగుతుందో రెండు మాటలలో చెబుతాను. తమిళ "క" కనిపిస్తే మన క, ఖ, గ, ఘలలో ఏదైనా కావచ్చు. "ట", "త", "ప"ల సంగతీ అంతే. అందుచేత "కుడి" అన్న రెండక్షరాల మాటకు లెక్కప్రకారం 16 రూపాలు వస్తాయి. వాటిని నిఘంటువులో వెతికించి, లేనివాటిని తీసేయించాలి. నిఘంటువు ఎవరిది? బ్రౌనుదే. దాని 1903 కూర్పును షికాగో విశ్వవిద్యాలయంవారు కంప్యూటరులోకి ఎక్కించి అందరికీ తెరిచి ఉంచారు. అప్పులు చేసి ఆయన పోగుచేసిన మాటలు ఇన్నేళ్ళ తరువాత రాజపాళయం మిల్లు కార్మికుడి చేతిరాతను వడపోస్తున్నాయి. అందించడం అంటే అదీ.

ఒక్కొక్కప్పుడు వడపోత చక్కగా కుదురుతుంది. "కాలి వీచింది" అని ఉంటే, పక్కమాటను బట్టి అది గాలి అని ప్రోగ్రాముకు చెప్పవచ్చు. "నెత్తిన కంప" అంటే గంప. ముళ్ళకంపను నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. కాని "కుడి పక్క బావి" దగ్గర ప్రోగ్రాము చేతులెత్తేసింది. కుడీ ఉంది, గుడీ ఉంది. రెండూ పక్కకు అతుకుతాయి, రెండూ బావికి అతుకుతాయి. బ్రౌను కూడా ఏమీ చేయలేడు.

ఊరికి వెళ్ళి మా అత్తను అడిగాను. నాయన చెల్లెలు, వయసు ఎనభై దాటింది. అవ్వ మాట తీరు తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. వాక్యం చదివి వినిపించి, "కుడా, గుడా అత్తా?" అన్నాను. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"గుడిరా. మీ అవ్వ కుడి అని ఎప్పుడన్నది? కూటిచెయ్యి పక్క అనేది కదా."

కూటిచెయ్యి. కూడు తినే చెయ్యి గనుక కుడిచెయ్యి. మన పొరుగు తమిళులు సోత్తాంగై అనేదీ ఇదే లెక్క. నా చిన్నప్పుడు వందసార్లు విన్న మాట, పూర్తిగా మరచిపోయాను. మూడు నోటుపుస్తకాలలో మొదటి పుస్తకమంతా వెతికాను; అది ఎక్కడా లేదు. నాయనకు అది రాసుకోవలసిన వింతమాటగా తోచి ఉండదు. రోజూ వాడే మాటను ఎవరు రాసుకుంటారు?

ఆ రోజు అత్త ఇంకా చాలా చెప్పింది. బావి పూడ్చి ఇల్లు కట్టేశారట. ఎవరెవరు ఏ వేళకు నీళ్ళకు వచ్చేవారో, మిల్లు సంగు విని ఎవరు పరుగెత్తేవారో చెప్పింది. నేను ఈసారి ఫోనులోనే, ఎక్కడ తెరిచినా తెలుగుగానే కనిపించే అక్షరాలలో రాసుకున్నాను. నా ప్రోగ్రాము ఇంకా సగంలోనే ఉంది. అది ఆగితే ఏమీ కాదు. నేను కాకపోతే ఇంకొకరు, బహుశా మా అబ్బాయే, అందుకుని పూర్తిచేస్తారు. అందుకోసం ప్రతి వరుసా ఎందుకు రాశానో పక్కనే తెలుగులో రాసిపెడుతున్నాను. అత్త మాట మాత్రం వాయిదా వేయదగినది కాదని తెలిసింది. అందుకని ఆ ఆదివారపు గంటలో సగం ఆమెకు ఫోను చేసి అడగడానికి కేటాయించాను. ఆమెకు చెవి కాస్త మందం. గట్టిగా అరవాలి. ఇల్లంతా లేస్తున్నారు.

చివరగా పాఠకులకు ఒక విన్నపం. మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలోనో పెద్దవాళ్ళు తమిళ అక్షరాలలో రాసుకున్న తెలుగు ఉంటుంది. పెళ్ళిపాటలు, పద్దులు, వంటల కొలతలు, ఉత్తరాలు. పాత కాగితాలని పారవేయకండి. మా అబ్బాయిలాగా నవ్వుకుంటూనైనా ఒకసారి పైకి చదివించండి. చదివేటప్పుడు ఇంట్లో పెద్దవయసువాళ్ళు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ అక్షరం కా, ఏ అక్షరం గా వాళ్ళు చెబుతారు.